‘ఏం జేసినా ఇంతే’ అనే మాట ఎక్కడ పుడుతుంది?

పులివెందుల దాటి వేముల వైపు సాగే దారిలో రోడ్డుకు అటూ ఇటూ అరటి తోటలు. చాళ్ల వెంట నల్లటి డ్రిప్పు పైపులు. కరెంటు ఉన్న గంటల్లో బోరు మోటార్లు ఊపిరి తీసుకోకుండా నీళ్లు తోడుతుంటాయి. తోటల వెనక గుట్టలు, గుట్టల దాపున తుమ్మలపల్లె గని. నేలలోకి వాలుగా దిగే సొరంగాల్లోంచి రాయి పైకి వస్తుంది. దాన్ని మిల్లులో పిండి చేసి, సోడాలో నానబెట్టి, యురేనియం తీసుకుంటారు. మిగిలిన బురద పైపుల్లో పోయి కొండల మధ్య కట్టిన చెరువులో పడుతుంది. ఊళ్లో దాన్ని టెయిల్ పాండ్ అంటారు. ఆ చెరువు చుట్టుపక్కల కె.కె.కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె వంటి పల్లెలున్నాయి. పొలంలో తెల్లటి పొర తేలుతోందని, అరటి చెట్టు ఎదగడం లేదని, బోరు నీళ్లు పోసుకుంటే ఒళ్లంతా దురదలేనని అక్కడి రైతులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. కలెక్టరాఫీసులో చెప్పారు. గని గేటు ముందు చెప్పారు. వచ్చిన ప్రతి కమిటీకీ చెప్పారు. చెప్పి చెప్పి అలసిన మనిషి నోట చివరికి వచ్చే మాట రాయలసీమ పల్లెల్లో అందరికీ తెలిసిందే: ‘ఏం జేసినా ఇంతేలే.’

యురేనియం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు ఉత్పత్తి చేయాలని 2025 కేంద్ర బడ్జెట్ లక్ష్యం పెట్టింది. అంతకు కొద్ది నెలల ముందే కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న వార్తతో ఊళ్లు రోడ్డెక్కాయి. ఖనిజం మీద, కరెంటు మీద, రేడియేషన్ మీద చర్చ బాగానే సాగుతోంది. అంత లోతుగా చర్చకు రానిది ఒకటుంది. అడిగిన ప్రశ్నకు ఏళ్ల తరబడి జవాబు రాకపోతే మనిషి లోపల ఏమవుతుంది? దేనికీ అర్థం లేదు, న్యాయమనేదే లేదు అన్న శూన్యవాదాన్ని మనం పుస్తకాల్లో పుట్టిన భావంగా, చదువుకున్నవాళ్ల జబ్బుగా చూస్తుంటాం. తుమ్మలపల్లె చరిత్ర చూస్తే మరొకటి తోస్తుంది. ఈ నేల మీద శూన్యవాదం తత్వంగా మొలకెత్తలేదు. జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం వల్ల అది తయారవుతోంది. కాబట్టి దానికి మందు ఓదార్పులో దొరకదు, జవాబులోనే దొరుకుతుంది.

బోరు వేసే చెయ్యి నిరాశది కాదు

దీనికి మొట్టమొదట వచ్చే అభ్యంతరం ఒకటుంది. కరువుసీమ మనుషులకు నిర్వేదం పుట్టుకతోనే వచ్చిందని, నుదుటి రాత, కర్మ అనే మాటలు వాళ్ల రక్తంలో ఉన్నాయని, దానికి గనినీ ప్రభుత్వాన్నీ తప్పుపట్టడం దేనికని. వినడానికి సబబుగానే ఉంటుంది. 1876లో మొదలైన ధాత కరువు నుంచి 1952 నాటి గంజి కరువు దాకా ఈ నేల చూసిన చావులు తక్కువేమీ కావు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్న సామెతను నమ్మి బతికిన జనం వీళ్లు.

కానీ సీమ రైతు చేతలు చూస్తే ఈ అభ్యంతరం నిలబడదు. ఒక బోరు ఎండితే ఇంకొకటి వేస్తాడు. అదీ ఎండితే పుస్తెలు కుదువబెట్టి మూడోది వేస్తాడు. వెయ్యి అడుగుల లోతుకు పోయినా తడి తగలకపోతే మరో మూల టెంకాయతో నీళ్లు చూపించి మళ్లీ రిగ్గును పిలుస్తాడు. ఇది తెలివైన పని అవునా కాదా అన్నది వేరే సంగతి. దీన్ని నిరాశ అని మాత్రం ఎవరూ అనలేరు. దేనికీ అర్థం లేదనుకున్న మనిషి నాలుగో బోరు వేయడు. చీనీ చెట్టు నాటి కాపు కోసం నాలుగైదేళ్లు ఎదురుచూడడు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. కర్మ అని చేతులు ముడుచుకునే సంస్కృతి అయితే ఆయన పేరు నూటయాభై ఏళ్లు పాటల్లో నిలిచేది కాదు.

ఆకాశం ముందు ఓడిపోని మనిషి ఆఫీసు ముందు ఎందుకు ఓడిపోతున్నాడు? తేడా ఒక్కటే. వాన రాకపోతే దానికి సంజాయిషీ చెప్పాల్సిన మనిషెవరూ లేరు. అది కష్టం. బోరు నీళ్లు ఎందుకు చెడ్డాయని అర్జీ ఇస్తే చెప్పాల్సినవాళ్లున్నారు. ఉండీ చెప్పకపోతే అది అన్యాయం. కష్టం మనిషిని అలసిపోయేలా చేస్తుంది. అన్యాయం మీద మౌనం మాత్రం, నీ మాట లెక్కలోది కాదు అని అతనికి నేర్పుతుంది. ‘ఇంతేలే’ అన్నది ఆ పాఠం విన్నవాడు చేసుకున్న తీర్మానం.

వాగ్దానాల నుంచి నోటీసుల దాకా

ప్రభుత్వ రంగ సంస్థ భారత యురేనియం కార్పొరేషన్ (యూసీఐఎల్) ఇక్కడ గని ప్రతిపాదించాక, 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో మిల్లు మొదలైంది. రోజుకు 3,000 టన్నుల రాయిని శుద్ధి చేసే సామర్థ్యం దానిది. 2011లో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నుల నిల్వ రూఢి అయిందని, అది లక్షన్నర టన్నుల దాకా పెరగవచ్చని చెప్పినప్పుడు తుమ్మలపల్లె పేరు ప్రపంచ పత్రికల్లోకి ఎక్కింది. భూమి ఇచ్చినవారికి ఉద్యోగాలన్నారు. చుట్టుపక్కల అభివృద్ధి అన్నారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి కూడా. దాన్ని దాచిపెట్టి రాయడం సరికాదు.

ఈ రాయి మిగతా చోట్ల దొరికే యురేనియం రాయిలాంటిది కాదు. ఇది వేంపల్లె డోలమైటు, అంటే సున్నపురాయి జాతి. ఆమ్లం పోస్తే రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుకని ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో క్షార పద్ధతిలో యురేనియాన్ని కరిగిస్తారు. దేశంలో ఈ పద్ధతికి ఇదే మొదటి మిల్లు. బురదలో సోడియం లవణాలు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. పొలంలో తెల్లపొర గురించి రైతు చెబుతున్న మాటను ఊహ అని కొట్టిపారేయలేని కారణం కూడా ఇందులోనే ఉంది.

2019 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. టెయిల్ పాండ్ అడుగున, నీరు భూమిలోకి ఇంకకుండా వేయాల్సిన లైనింగ్ షరతుల ప్రకారం లేదన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం. నిపుణుల కమిటీ వచ్చింది, నమూనాలు తీసుకుంది. చెరువు నుంచి ఊట లేదని, నిబంధనలన్నీ పాటిస్తున్నామని సంస్థ అంటూ వచ్చింది.

> రాయి వయసు, బురద ఆయుష్షు
>
> వేంపల్లె రాతి పొరలు సుమారు 190–200 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటి సముద్రంలో బతికిన సూక్ష్మజీవుల పొరలు ఆ రాళ్లలో నేటికీ కనిపిస్తాయి.
>
> యురేనియం తీసేసిన తరువాత కూడా రాతిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం–226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, థోరియం–230కి సుమారు 75,000 ఏళ్లు పడుతుంది.
>
> తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న పరిమితి 60.

నీటి లెక్క ఎవరు చెప్పాలి?

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది. ఇది మొదటిదానికన్నా బలమైనది. యురేనియం ఉన్న రాతి పొరల్లో ఊరే నీళ్లలో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది. గని రాకముందు కూడా ఉండి ఉండవచ్చు. చెరువు నుంచి ఇంకిందా, రాతి నుంచి వచ్చిందా తేలకుండా ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు. నిజమే. సైన్సు తేల్చాల్సినదాన్ని ఆవేశం తేల్చకూడదు.

అయితే ఈ అభ్యంతరాన్ని దాని చివరిదాకా నడిపించాలి. సహజమా, ఊటా అన్నది తేల్చడానికి దారులున్నాయి. గని రాకముందు ఆ ఊళ్ల బావుల్లో, బోర్లలో ఏముందో చెప్పే పాత లెక్కలు కావాలి. చెరువుకు దగ్గర బోరుకూ దూరపు బోరుకూ తేడా ఏటేటా చూడాలి. ఒక్క యురేనియమే కాకుండా, రాతిలో లేని, మిల్లులో వాడిన లవణాలు నీళ్లలో ఎంత పెరిగాయో చూడాలి. ఇవేవీ అసాధ్యం కావు. అనిశ్చితి దానికదే అన్యాయం కాదు. తేల్చగలిగిన అనిశ్చితిని తేల్చకుండా వదిలేసి, దాన్నే జవాబుగా చెప్పడం అన్యాయం. పంట పోయిన రైతుకు ‘ఇంకా రుజువు కాలేదు’ అని చెబుతున్నప్పుడు, రుజువు చేసే పరికరాలన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో కూడా చెప్పాలి కదా.

తీర్పరి ఎవరన్నది ఈ కథలో కీలకం. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి దశాబ్దాల పాటు అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీగా ఉంటూ వచ్చింది. గనిని నడిపేదీ అణుశక్తి శాఖ కిందున్న సంస్థే. నియంత్రణ మండలికి స్వతంత్ర చట్టబద్ధ హోదా లేకపోవడాన్ని 2012లో కాగ్ నివేదిక తప్పుపట్టింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. మండలి శాస్త్రవేత్తల నిజాయితీని శంకించాల్సిన పని లేదు. ఒకే ఇంటివాళ్లు వాదీ, తీర్పరీ అయినప్పుడు సరైన తీర్పు చెప్పినా నమ్మకం పుట్టదు. మబ్బుచింతలపల్లెలో కరువైంది నీళ్లకన్నా ముందు ఈ నమ్మకమే.

నాగార్జునుడి మీద పడ్డ నింద

శూన్యం అన్న మాట మనకు రష్యా నవలల నుంచో, నీషే నుంచో దిగుమతి కాలేదు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణా తీరంతో ముడిపడి ఉన్న ఆచార్య నాగార్జునుడు ఆ మాటను తత్వానికి కేంద్రం చేశాడు. అన్నీ శూన్యమైతే పుణ్యమేది, పాపమేది, దుఃఖం నుంచి విముక్తి ఏది, అంతా నాశనం చేశావు కదా అని ఆనాడే ఆయన మీద నింద పడింది. మూలమధ్యమక కారికల 24వ అధ్యాయంలో ఆయన ఆ నిందకు సూటిగా బదులిచ్చాడు. ఆ వాదన సారం ఇది: దేనికీ మారని స్వభావం లేదనడమే శూన్యం. దుఃఖానికి మారని స్వభావం ఉంటే దాన్ని ఎవరూ ఎప్పటికీ తొలగించలేరు. అది కారణాల వల్ల పుట్టింది కాబట్టే, కారణాలు తొలగిస్తే పోతుంది.

తుమ్మలపల్లె వెలుగులో చూస్తే ఇది పండితుల వాదంగా మిగలదు. ‘ఏం జేసినా ఇంతే’ అన్నవాడు పైకి ఏమీ నమ్మనివాడిలా కనిపిస్తాడు. లోపల మాత్రం ఒకదాన్ని గట్టిగా నమ్ముతున్నాడు. ఈ లోకం ఇలాగే ఉంటుందని, ఈ ఆఫీసు ఇలాగే ఉంటుందని, ఈ చెరువు ఇలాగే ఉంటుందని. అంటే నిరాశావాది నాగార్జునుడి వైపు లేడు, నాగార్జునుడు ఖండించినవాళ్ల వైపు ఉన్నాడు. చెరువుకు కారణాలున్నాయి: ఒక ఉత్తర్వు, ఒక ఇంజనీరింగు డిజైను, ఒక సంతకం. సంతకంతో వచ్చింది సంతకంతో మారుతుంది.

> రాజుకు రాసిన రత్నావళి
>
> నాగార్జునుడి రచనగా సంప్రదాయం చెప్పే రత్నావళి ఒక రాజుకు చేసిన హితబోధ. ఆ రాజు శాతవాహనుడని నమ్మిక. విపత్తులతో చితికిన రైతులకు పన్ను మాఫీ చేయమని, దారుల్లో నీటి వసతి కల్పించమని, ఖైదీలకు సైతం స్నానం, తిండి, బట్ట, మందు లోటు రానీయవద్దని అందులో ఉంది.
>
> నాగార్జునకొండ శిథిలాలు సాగర్ జలాశయంలో మునుగుతాయని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్దయెత్తున తవ్వకాలు జరిపి, ముఖ్యమైనవాటిని పైకి తరలించారు. ఆ జలాశయం ఒడ్డునే లంబాపురం–పెద్దగట్టులో యురేనియం గని ప్రతిపాదన వచ్చింది. 2003 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో జనం దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అక్కడ గని రాలేదు.

శూన్యాన్ని అంత లోతుగా చూసిన మనిషి కరువులో పన్ను మాఫీ గురించి రాజుకు చెప్పడం యాదృచ్ఛికం కాదు. ఏదీ శాశ్వతం కాదని తెలిసినవాడికి మార్చగలిగినవాటి మీద బాధ్యత పెరుగుతుంది. ఈ సీమలోనే వేమన ఎన్నిటినో కాదన్నాడు: విగ్రహాన్ని, మడిని, కులాన్ని. కాదనడంతో ఆగి ఉంటే ఆయన్ను శూన్యవాదుల్లో చేర్చవచ్చు. తోటి మనిషికి జరిగే అవమానం మీద కోపంతో కాదన్నాడు కాబట్టే, కడపలో ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ 1829లో ఆయన పద్యాలను అచ్చువేసేనాటికి అవి పల్లె నోళ్లలో బతికి ఉన్నాయి.

సీతారామారావు ఎవరినీ అడగలేదు

తెలుగు నవలల్లో అర్థరాహిత్యాన్ని చివరంటా చూపించిన పాత్ర గోపీచంద్ 1940లలో రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు. పేరు కోసం ఆస్తి పోగొట్టుకుని, ప్రతి విలువనూ తర్కంతో తునకలు చేసి, భార్యను హింసించి, చివరికి శ్మశానంలో ప్రాణం తీసుకుంటాడు. అతని ప్రశ్నలు పదునైనవే. కానీ ఆ ప్రశ్నలకు చిరునామా లేదు. జీవితానికి అర్థమేమిటని అతను లోకాన్నంతటినీ ఒక్కసారే అడుగుతాడు, కాబట్టి ఎవరూ బదులు చెప్పరు. నాకు జరిగినదానికి ఎవరు బాధ్యులు, నా వల్ల జరిగినదానికి నేనేం చేయాలి అని అడిగి ఉంటే, ఆ ప్రశ్న పట్టుకుని నడిచే దారి ఒకటి కనిపించేది.

అర్థం ముందు దొరికి, దాని వెంట న్యాయం వస్తుందని మనం అనుకుంటాం. తెలుగు నేల మీద చాలాసార్లు జరిగింది దీనికి విరుద్ధం. 1965లో దిగంబర కవులు తెచ్చిన తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. దేన్నీ మిగల్చకుండా దూషిస్తున్నారని, శూన్యవాదులని వాళ్లను తిట్టినవాళ్లున్నారు. అదే బృందంలోని కొందరు 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) వైపు నడిచారు. ఆ రాజకీయాలతో ఏకీభవించాలని లేదు. గమనించాల్సింది దిశను. అసహ్యం ఒక చిరునామా వెతుక్కున్నాక దాని స్వరం మారింది.

కప్పట్రాళ్ల రోడ్డు మీద

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ల పేరు చెబితే నిన్నమొన్నటిదాకా ఫ్యాక్షనే గుర్తొచ్చేది. 2008 నాటి సామూహిక హత్యల కేసులో 2014లో ఆదోని కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. మగవాళ్లు జైళ్లలో, ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పగలు. బతుక్కి అర్థం పోయిన ఊరంటూ ఉంటే దాన్నే చెప్పాలి. 2024 చివర్లో, పక్కనున్న అడవిలో యురేనియం అన్వేషణకు 68 చోట్ల బోర్లు వేస్తారన్న కబురు వచ్చింది. కప్పట్రాళ్ల, చుట్టుపక్కల పల్లెలు కలిసి రోడ్డు మీద కూర్చున్నాయి. కొద్దిరోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఇక్కడ తవ్వకాలుండవని ప్రకటించింది.

ఆ ఊరికి ఎవరూ వచ్చి జీవితపరమార్థం బోధించలేదు. నీళ్ల గురించి, అడవి గురించి ఒక ప్రశ్న వేశారు. అది చెప్పాల్సినవాళ్లకు చేరింది. జవాబు వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు నల్లమల విషయంలో కూడా ఇదే జరిగింది. చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసన పెరిగాక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మనుషులు ఒకటే, నేల ఒకటే, ఖనిజం ఒకటే. కప్పట్రాళ్లలో ‘ఇంతేలే’ వినిపించకపోవడానికి, తుమ్మలపల్లె చుట్టూ వినిపించడానికి తేడా స్వభావంలో ఉందంటే ఎలా నమ్మడం?

కప్పట్రాళ్ల గెలుపు సులువైనదని, అక్కడ ఇంకా ఏమీ కట్టలేదని ఎవరైనా అనవచ్చు. నిజం. వందల కోట్లు పోసి కట్టిన గనిని ఒక ధర్నాతో మూసేయలేరు. మూసేయాలని ఈ వ్యాసం అనడం లేదు. బొగ్గు పొగ లేని కరెంటు దేశానికి కావాలన్న వాదనలో బలముంది, అందులో అణుశక్తికి చోటుందని నమ్మే నిజాయితీపరులున్నారు. కానీ దేశానికి వెలుగు కావాలి కాబట్టి నాలుగు పల్లెల బోర్ల సంగతి అడగొద్దు అనే మాట ఆ వాదనలో భాగం కాదు, దానికి మచ్చ. అంత అవసరమైన కరెంటయితే దాని ఖర్చులో కనంపల్లె నీళ్లను కూడా కలిపి లెక్కకట్టాలి.

రెండు వందల కోట్ల ఏళ్ల ముందు మనమెంత?

చివరి అభ్యంతరం తత్వానిదే. నీళ్లు బాగుపడ్డా, పరిహారం అందినా మనిషి చావక మానడు. రెండు వందల కోట్ల ఏళ్ల రాయి ముందు అరటి తోట ఎంత, అర్జీ ఎంత? థామస్ నేగెల్ అనే తత్వవేత్త 1971లో రాసిన వ్యాసంలో దీనికి చక్కటి బదులుంది. లక్షల ఏళ్ల తరువాత మన పనులకు విలువ ఉండదన్నది నిజమైతే, లక్షల ఏళ్ల తరువాతి ఆ సంగతికి కూడా ఇవాళ విలువ ఉండనక్కర్లేదు. ఇవాళ పిల్ల ఒంటి మీద దద్దురు ఇవాళ్టి సంగతే. దానికి మందు, కారణం, బాధ్యుడు ఇవాళే కావాలి.

పైగా తుమ్మలపల్లెలో ఆ పెద్ద కాలం మనకు సాకుగా పనికిరాదు. టెయిల్ పాండ్‌లో పడుతున్న థోరియం 75,000 ఏళ్ల లెక్కది. మన రాజ్యాలు, భాషలు, సరిహద్దులు ఏవీ అంతకాలం ఉండవు. ఆ బురదకు కాపలా ఎవరన్న ప్రశ్న మాత్రం ఉంటుంది. కాలం పెద్దదయ్యేకొద్దీ మన పనికి విలువ తగ్గుతుందన్న మాట కవిత్వంలో బాగుంటుందేమో, ఈ చెరువు గట్టున చెల్లదు. ఇక్కడ కాలం పెరిగేకొద్దీ బాధ్యతే పెరుగుతోంది.

జవాబంటే ఏమిటో ఆ ఊళ్లకు తెలుసు. ప్రతి బోరు నీటి పరీక్ష ఫలితం, యురేనియం ఎంత, సోడియం ఎంత, పరిమితి ఎంత అన్నది తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద నెలనెలా రాయాలి. యూసీఐఎల్‌తో, అణుశక్తి శాఖతో సంబంధం లేని ప్రయోగశాల ఆ పరీక్షలు చేయాలి, నమూనా తీసేటప్పుడు ఊరివాళ్లు పక్కన ఉండాలి. చెరువుకు ఆనుకుని ఉన్న ఇళ్లను తరలించాలా వద్దా అన్నది ఆ లెక్కల మీద తేల్చి, తేదీ చెప్పాలి. 2019 నోటీసు తరువాత ఎవరు ఏం చేశారో గ్రామసభలో చదివి వినిపించాలి. వీటిలో మొదటిదానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. ప్రజలు అడగకముందే సమాచారం వెల్లడించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఈ నెల నీళ్లతోనే మొదలుపెట్టవచ్చు.